పెరటి ఆకుముద్ద: కూరగాయలకు రుచి, పప్పుగింజలకు విలువ

శింగనమల చుట్టుప్రక్కల గ్రామములలో చెరువు నిండిన యేడు వేరు, ఎండిన యేడు వేరు. అనంతపురము జిల్లాలో సాలీనా కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఆ కొద్దిపాటి వానయు అదనుకు రాని సంవత్సరములు పెక్కు. అట్టి యేట మొదట తరిగిపోవునది గాదెలోని ధాన్యము కాదు, కంచములోని కూర. బియ్యము చౌకధరల దుకాణము నుండి ఏదో విధముగా ఇంటికి చేరును. ఆకుకూర, కాయగూర, పప్పు మాత్రము ఒకదాని వెంట ఒకటి తప్పుకొనును. కడుపు నిండినట్లే యుండును గాని ఒంటికి బలము చేరదు.

ఈ లోటును పూర్తిగా తీర్చు ఉపాయము వంటింటిలో ఒక్క చోట దొరకదు. అయినను పెరటిలో పెరుగు నాలుగైదు ఆకులతో నూరుకొను ముద్ద ఒకటి, ఉన్న కూరగాయలను, ఉన్న గింజలను ఇష్టముగా తినునట్లు చేయగలదు. దానిని తయారు చేయు పద్ధతిని, దాని వెనుకనున్న కారణములను, పంచాయతీ సభ్యులు ఈ విషయమున చేయదగిన పనిని ఈ పాఠములో తెలిసికొందము.

1. ధాన్యమొక్కటే చాలునా?

ఈ ప్రశ్న మనకు క్రొత్తది కాదు. 1876–78 నాటి పెద్దకరవులో ఇప్పటి అనంతపురము ప్రాంతము బళ్ళారి జిల్లాలో భాగముగా నుండెను. 1882లో గాని అనంతపురము ప్రత్యేక జిల్లా కాలేదు. 1877లో కరవుపనుల వద్ద కూలికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యము లెక్కన కూలి చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించెను. మద్రాసు రాజధానిలో ఆరోగ్యశాఖ కమిషనరుగా నున్న డాక్టరు కార్నిష్ దీనిని గట్టిగా ఎదిరించెను. ఆ ధాన్యము చాలదనియు, మనిషి నిలువవలెనన్న పప్పు, కూరగాయలు కూడ ఉండవలెననియు ఆయన వాదించెను. నూటయేబది యేండ్లకు దగ్గరైనను ఆ మాటలోని సత్యము తరుగలేదు.

కారణము స్పష్టము. బియ్యము, జొన్న, కొర్ర వంటి ధాన్యములలో మాంసకృత్తులు కలవు గాని, శరీరమునకు తప్పనిసరియగు లైసీను అను అంశము వానిలో తక్కువ. ఉలవలు, అలసందలు, కందులు, పెసలు వంటి పప్పుగింజలలో ఆ అంశము సమృద్ధిగా నుండును. ధాన్యములో ఎక్కువగా నుండు మెథియొనీను అను మరియొక అంశము గింజలలో తక్కువ. రెండును కలిసిన భోజనములో ఒకదాని లోపమును మరియొకటి పూరించును. వంద గ్రాముల ఉలవలలో గాని కందిపప్పులో గాని సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుండును. వేరుశనగలో సుమారు 25 గ్రాములుండును. సంగటిలోనికి ఉలవచారు, అన్నములోనికి పప్పు వాడిన మన పెద్దలు ఈ లెక్కలెరుగకున్నను మార్గము సరియైనదే పట్టిరి.

2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి, ఐదేండ్ల లోపు పిల్లలలో నూటికి సుమారు 63 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. మన పాఠశాలలో, మన అంగన్వాడీలో, మన ఇండ్లలో ఉన్నవారే ఈ లెక్కలోనివారు. రక్తహీనతకు కారణములు పెక్కు కలవు. వానిలో ఆహారపు లోటు మన చేతిలోనున్న కారణము.

2. ఆకుముద్ద యనగానేమి?

కొత్తిమీర, పుదీనా, కరివేపాకు వంటి సువాసన గల ఆకులను పచ్చిమిరపకాయ, తెల్లగడ్డ, అల్లము, జీలకర్ర, ఉప్పు, నూనెలతో నూరి, ఆ ముద్దను కూరగాయలకు గాని ఉడికిన గింజలకు గాని పట్టించి కొంతసేపు ఊరనిచ్చుటయే ఈ పద్ధతి. ఇది పరాయి వంట కాదు. గుత్తివంకాయకు కారము కూరుట, సంగటిలోనికి వేరుశనగ, పచ్చిమిరప వంటివి చేర్చి ఊరిబిండి నూరుట మనకు తెలిసినవే. ప్రపంచమున ఇతర దేశములలోను ఈ మార్గమున్నది. మొరాకో దేశస్థులు కొత్తిమీర, తెల్లగడ్డ, జీలకర్ర, నిమ్మరసము, నూనె కలిపి నూరిన ముద్దను ‘షెర్మూలా’ యందురు. దానిని చేపలకే గాక వంకాయ మొదలగు కూరలకును పట్టింతురు. ఎండలు మండు దేశములలో ఆకు, పులుపు, నూనెలతో సాదా తిండికి రుచి తెచ్చు తెలివి అందరికి ఒకే తీరుగా తోచినది.

ఒకసారి నూరిన ముద్ద వంకాయకు, మటిక్కాయకు, బెండకాయకు, అలసందలకు, ఉలవలకు, మీల్‌మేకరుకు ఒకే విధముగా పనికివచ్చుట దీని సౌలభ్యము. కూర మారినప్పుడెల్ల మసాలా మార్చవలసిన పని లేదు.

3. ఒక కుటుంబమునకు కొలతలు

అయిదుగురున్న ఇంటికి ఒక పూట కూరకు కావలసినవి:

కొత్తిమీర – రెండు గుప్పెళ్ళు
పుదీనా – ఒక గుప్పెడు
కరివేపాకు – రెండు రెమ్మలు
పచ్చిమిరపకాయలు – నాలుగు (పిల్లలుండిన రెండు చాలును)
తెల్లగడ్డ – ఆరు పాయలు
అల్లము – బొటనవ్రేలి కణుపంత
జీలకర్ర – ఒక చిన్న చెంచా
వేయించిన వేరుశనగపప్పు – రెండు పెద్ద చెంచాలు
అయొడీను ఉప్పు – ఒక చిన్న చెంచా
నూనె – రెండు పెద్ద చెంచాలు
నిమ్మకాయ – ఒకటి (దీనిని నూరునప్పుడు కలుపరాదు)

ఆకులను రెండు మూడు నీళ్ళలో కడిగి, గుడ్డపై ఆరనీయవలెను. రోటిలో మొదట ఉప్పు, జీలకర్ర, తెల్లగడ్డ, అల్లము, మిరపకాయలు వేసి మెత్తగా దంచవలెను. ఉప్పు గరుకుగా నుండుట వలన తక్కినవి త్వరగా నలుగును. తరువాత వేరుశనగపప్పును, కడపట ఆకులను వేసి నూరవలెను. చివర నూనె కలుపవలెను. నీరు పోయరాదు. పోసిన ముద్ద జారిపోయి కూరకు పట్టదు. మిక్సీ వాడువారు ఆగి ఆగి త్రిప్పవలెను. ఎడతెగక త్రిప్పిన వేడెక్కి ఆకు నల్లబడును.

తెల్లగడ్డ తినని ఇండ్లవారు దానిని మాని చిటికెడు ఇంగువ వేసికొనవచ్చును. కొత్తిమీర దొరకనప్పుడు కరివేపాకును, లేత మునగాకును నూనెలో కొంచెము వాడ్చి నూరుకొనవచ్చును. చింతచిగురు వచ్చు రోజులలోను, గోంగూర దొరకు రోజులలోను పులుపు ఆకులోనే యుండును గనుక నిమ్మకాయ అక్కరలేదు. అయితే పుల్లని ఆకుతో నూరిన ముద్దను పూర్తిగా ఉడికిన వానికే పట్టింపవలెను. దీనికి కారణము ముందు చెప్పబడును.

4. ఇది ఎట్లు పనిచేయును?

ఉప్పు కూరగాయ ముక్కలోని నీటిని వెలికి లాగును. ఆ నీటిలో ఉప్పు, ఆకుల సారము కరిగి మరల ముక్క పైపొరలోనికి కొంత చేరును. అందుచేత ఊరబెట్టిన వంకాయ ఇగురులో రుచి పైపైన గాక ముక్కనంటి యుండును. ఊరినప్పుడు దిగిన నీటిని పారబోయరాదు. ఆ నీటితోనే కూర మ్రగ్గనీయవలెను. కరవుసీమలో నీటిని, రుచిని ఒకేసారి పారబోయుట రెండు విధముల నష్టము.

నూనె పని వేరు. ఆకులలోని సువాసనలు పెక్కు నీటిలో కన్న నూనెలో బాగుగా కరుగును. మరియు ఆకుకూరలలోని కెరోటీను అను పదార్థము శరీరములో ఏ విటమినుగా మారును. అది కంటిచూపునకు అవసరము. కొంచెము నూనె యుండినగాని కెరోటీను శరీరమునకు సరిగా పట్టదు.

పులుపు పని మూడవది. గింజలలోని ఇనుము మాంసములోని ఇనుము వలె సులభముగా ఒంటికి పట్టదు. నిమ్మరసములోని సి విటమిను దానిని పట్టునట్లు చేయును. కాని ఈ విటమిను వేడికి చెడిపోవును. కనుక నిమ్మకాయను కూర దించిన తరువాత, వడ్డించుటకు ముందు పిండవలెను. భోజనముతో పాటు టీ త్రాగిన ఫలము తారుమారగును. టీలోని వగరు ఇనుమును పట్టనీయదు. భోజనమునకు, టీకి నడుమ కనీసము ఒక గంట యెడమ ఉండుట మేలు.

5. తప్పక పాటింపవలసిన వరుస

ఉడకని గింజకు పులుపు తగులరాదు. చింతపండు గాని నిమ్మరసము గాని ముందుగా పడిన గింజ తొక్క బిగిసి ఎంతసేపటికిని మెత్తబడదు. కట్టెలు, గ్యాసు వృథా యగును. కూరగాయలకును ఇదే న్యాయము. పులుపులో ఉడికిన ముక్క గట్టిగా నిలుచును. అదియుగాక పులుపు తగిలి ఉడికిన ఆకు పచ్చదనము పోయి గోధుమరంగుకు తిరుగును. కనుక పులుపు ఎల్లప్పుడును కడపటిదే.

మన బోరునీరు పలుచోట్ల కఠినజలము. అట్టి నీటిలో గింజలు త్వరగా ఉడకవు. ముందునాటి రాత్రి కొంచెము ఉప్పు వేసి నానబెట్టినచో తొక్క మెత్తబడి త్వరగా ఉడుకును. నానిన నీటిని పారబోసి, మంచినీటిలో ఉడికించినచో కడుపుబ్బరము కలిగించు చక్కెరలు కొంత తగ్గును. నానినవానిని గుడ్డలో మూటగట్టి మొలకెత్తించిన మరియు మేలు. మొలకలో సి విటమిను పుట్టును. ఇనుమును పట్టి యుంచు ఫైటికామ్లము తగ్గును. అయితే చిన్నపిల్లలకు, గర్భిణులకు మొలకలను ఉడికించియే పెట్టవలెను. మొలకెత్తుటకు కావలసిన తేమ, వెచ్చదనము క్రిములకును అనుకూలములే గదా!

6. దేనికెట్లు పట్టింపవలెను?

వంకాయ, బెండకాయ: గుత్తిగా చీల్చి ముద్దను కూరి అరగంట ఉంచవలెను. ఇనుప పెనముపై కొంచెము నూనెతో, మూతపెట్టి, సన్నని సెగపై మ్రగ్గనీయవలెను.

మటిక్కాయ, చిక్కుడు, బీన్సు: ముందుగా సగము ఉడికించి, ముద్ద పట్టించి పదిహేను నిముషములుంచి, పోపులో వేయింపవలెను.

ఉలవలు, అలసందలు, అనపగింజలు: నానబెట్టి పూర్తిగా ఉడికించి, నీటిని వార్చి, వేడిగా నున్నప్పుడే ముద్ద కలిపి మూతపెట్టవలెను. వేడిగింజ చల్లారుచు చుట్టునున్న రసమును పీల్చుకొనును. చల్లారిన తరువాత కలిపిన అంతగా పట్టదు. వార్చిన ఉలవనీటితో చారు కాచుకొనవలెను. ఎండిన అనపగింజలను పచ్చిగా తినరాదు.

మీల్‌మేకరు: వేడినీటిలో పది నిముషములు నానబెట్టి గట్టిగా పిండవలెను. పిండిన ముక్క స్పంజి వంటిది. అరగంటలో ముద్దను లోపలి వరకు పీల్చుకొనును. నూనె తీసిన సోయాపిండితో చేసిన ఈ ముక్కలలో సగమునకు దగ్గరగా మాంసకృత్తులుండును.

దోసకాయ, ముల్లంగి వంటి పచ్చిముక్కలు: వీనికి మాత్రము ముద్దను, నిమ్మరసమును ఒకేసారి కలిపి వెంటనే తినవచ్చును.

7. జాగ్రత్తలు

తడి ముద్దను ఏ పూటకాపూట నూరుకొనుట శ్రేష్ఠము. మన వేసవిలో బయట నాలుగు గంటలకు మించి ఉంచరాదు. శీతలపెట్టె యున్నవారు మూతగల గాజుసీసాలో రెండు మూడు దినములుంచుకొనవచ్చును. పచ్చి తెల్లగడ్డను నూనెలో ముంచి బయట దినముల తరబడి నిలువ చేయుట ప్రమాదకరము. గాలి సోకని నూనె అడుగున మిక్కిలి విషకరమైన క్రిమి పెరుగుటకు అవకాశము కలదు. వాసనను బట్టి అది తెలియదు.

నిమ్మరసము కలిపిన దానిని రాగి, కలాయి లేని ఇత్తడి, అల్యూమినియము పాత్రలలో ఉంచరాదు. మట్టిపాత్ర గాని స్టీలు గాని వాడవలెను. మురుగుకాలువ ప్రక్క పెరిగిన ఆకును వాడరాదు. పురుగుమందు చల్లిన ఆకును గడువు తీరకుండ కోయరాదు.

వేరుశనగ విషయమున మన జిల్లావారు మరింత మెలకువతో నుండవలెను. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు అకస్మాత్తుగా చనిపోయినవి. బ్రెజిలు నుండి వచ్చిన బూజుపట్టిన వేరుశనగచెక్క వానికి మేతగా పెట్టబడినట్లు విచారణలో బయటపడినది. ఆ బూజు పుట్టించు విషమునకే అఫ్లటాక్సిను అని పేరు. అది కాలేయమును చెరచును. వేయించినను ఉడికించినను అది పూర్తిగా నశింపదు. కనుక ముడుచుకొనినవి, రంగు మారినవి, బూజు వాసన గలవి, చేదైనవి అగు గింజలను ఏరి పారవేయవలెను. మంచివానిని అమ్మి, ఏరిన చెడుగింజలను ఇంటికి మిగుల్చుకొను అలవాటు ఎక్కడనున్నను మానవలెను.

ఆకు సమృద్ధిగా దొరకు నెలలలో కరివేపాకును, మునగాకును నీడన గలగలలాడునట్లు ఎండబెట్టి, పొడిచేసి, తడి తగలని డబ్బాలో నెలదాక దాచవచ్చును. వేరుశనగను మాత్రము అందు కలుపరాదు. దాని నూనె మక్కిపోవును. కావలసినప్పుడు పొడికి వేయించిన వేరుశనగను, తెల్లగడ్డను చేర్చి నూనెతో ముద్ద చేసికొనవచ్చును. చెరువెండిన నెలలలో ఈ పొడియే పెరటితోట వంటిది.

8. పాఠశాలలో వందమంది పిల్లలకు లెక్క

మధ్యాహ్న భోజన పథకపు కేంద్ర ప్రమాణముల ప్రకారము ప్రాథమిక తరగతుల పిల్లవానికి దినమునకు 100 గ్రాముల ధాన్యము, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె ఇయ్యవలెను. ఆరు నుండి ఎనిమిదవ తరగతి వరకు ఇవి వరుసగా 150, 30, 75, 7.5 గ్రాములు. వందమంది ప్రాథమిక విద్యార్థులకు 2 కిలోల పప్పుగింజలు, 5 కిలోల కూరగాయలు, అరకిలో నూనె వచ్చును.

రెండు కిలోల గింజలు నాని ఉడికిన తరువాత సుమారు 5 కిలోలగును. కూరగాయలతో కలిసి 10 కిలోలు. దానిలో పదియవ వంతు, అనగా ఒక కిలో ఆకుముద్ద చాలును. దానికి ఆకులు 500 గ్రాములు, వేయించిన వేరుశనగపప్పు 150 గ్రాములు, పథకపు నూనెలోనే 100 గ్రాములు, తెల్లగడ్డ 50 గ్రాములు, అల్లము 40, పచ్చిమిరప 40, జీలకర్ర 15 గ్రాములు, ఉప్పు 60 గ్రాములు వేయవలెను. తక్కిన ఉప్పు రుచి చూచి వేసికొనవచ్చును. దించిన తరువాత పది నిమ్మకాయల రసము పిండవలెను. వారములో రెండు దినములు ఇట్లు చేసినచో కావలసిన ఆకు ఒక కిలో మాత్రమే. పాఠశాల ఆవరణలో రెండు కరివేప చెట్లు, రెండు మునగచెట్లు, చేతులు కడుగు నీరు పారు చోట పుదీనా మడి, కొత్తిమీర మడి యుండిన ఇందులో చాల భాగము కొననక్కరలేదు. సబ్బునీటిని మాత్రము మడులకు పారనీయరాదు. పుదీనా కాడలు గ్రుచ్చిన బ్రతుకును. కొత్తిమీర విత్తిన ముప్పది నలుబది దినములకు కోతకు వచ్చును. మూడు వారములకొక మడి చొప్పున విత్తిన ఎడతెగక దొరకును.

9. పంచాయతీ సభ్యులు చేయదగినది

పిల్లలకు పప్పు, కూర వడ్డించితిమని లెక్క వ్రాయుట ఒకటి. వారు తినిరని తెలిసికొనుట మరియొకటి. వంటశాలకు సరుకు చేరినంత మాత్రమున అది పిల్లల ఒంటికి చేరినట్లు కాదు. చప్పిడిగా ఉడికిన కూర కంచములోనే మిగిలి చెత్తతొట్టికి పోయిన యెడల ప్రభుత్వము పెట్టిన ఖర్చు, వంటవారి శ్రమ, పిల్లల ఆరోగ్యము మూడును నష్టమే. ఈ నష్టము ఏ పుస్తకములోను కనబడదు.

దీనిని కనుగొనుట కష్టము కాదు. ఒక వారము పాటు పిల్లలు విడిచిన కూరను, పప్పును ఒక బకెట్టులో వేయించి తూకము వేయుడు. తరువాతి వారము అవే కూరలను, అవే గింజలను ఆకుముద్దతో వండించి మరల తూకము వేయుడు. హాజరైన పిల్లల సంఖ్యను కూడ వ్రాసికొనుడు. రెండు అంకెలను గ్రామసభలో చదువుడు. మిగులు తగ్గినచో పద్ధతి నిలుపుకొనవచ్చును; తగ్గనిచో కారము ఎక్కువైనదా, గింజ ఉడకలేదా, భోజనవేళ చాలలేదా యని విచారింపవచ్చును. వంట చేయు స్త్రీలను తప్పుపట్టుటకు గాక, వారికి కావలసిన రోలు, ఆకు, వేళ సమకూర్చుటకే ఈ తూకమని ముందుగా వారికి చెప్పవలెను. అంగన్వాడీ కార్యకర్తను, పాఠశాల ప్రధానోపాధ్యాయుని, స్వయంసహాయక సంఘముల స్త్రీలను ఈ పనిలో చేర్చుకొనవలెను.

ఒక మాట మరువరాదు. ఆకుముద్ద ఆహారమే గాని మందు కాదు. రక్తహీనత గలవారు వైద్యులిచ్చిన ఇనుపమాత్రలను మానరాదు. తిండి, మందు రెండును కలిసినప్పుడే ఫలము.

చర్చించుటకు ప్రశ్నలు

(1) మన గ్రామములో వేసవిలో కూడ పచ్చగా నుండు ఆకులేవి? అవి ఎన్ని ఇండ్లలో కలవు?
(2) పాఠశాలలో, అంగన్వాడీలో దినమునకు ఎంత నీరు వాడబడి వృథాగా పోవుచున్నది? అది ఎన్ని మడులకు చాలును?
(3) గింజలు ఉడకకపోవుటకు నీరు కారణమా, నానబెట్టకపోవుట కారణమా, పులుపు ముందుగా వేయుట కారణమా?
(4) పిల్లలు విడిచిన కూరను తూచు బాధ్యత ఎవరిది? ఆ అంకెను గ్రామసభలో చదువు బాధ్యత ఎవరిది?

నాలుగవ ప్రశ్నకు ఒక పేరు వ్రాసికొని లేచిన పంచాయతీ ఈ పాఠమును చదివినట్లే.